ఆపరేటింగ్ సిస్టమ్‌కి మెమో

"ఇంతకీ వాల్వు కట్టేముందు ఒక్క కేక వెయ్యడానికి మీకేం అడ్డొచ్చిందంటున్నాను," అంది హైమవతి నాలుగోసారి. చేతులు మోచేతుల దాకా ఇడ్లీపిండిలో ఉన్నాయి. వంటింటి కుళాయి రెండు చుక్కలు రాల్చి ఊరుకుంది.

"వాల్వు మేడమీదుంది. నేనూ మేడమీదున్నాను. మధ్యలో నీకు చెప్పేదేవిటి?" అన్నాడు కామేశ్వరరావు, మెట్లమీదే నిలబడి. ఆయన ఇరిగేషన్ శాఖలో ముప్ఫై ఏళ్లు కాలవల మీద షట్టర్లు ఎత్తించి, దించి, ఏడాది క్రితం రిటైరైన మనిషి. "ట్యాంకు కడగాలంటే వాల్వు కట్టాలి, కట్టాను. మేం షట్టరు దించేటప్పుడు ప్రతి రైతునీ అడిగి దించేవాళ్లమా?"

"అందుకేగా మీ ఆఫీసుమీద రాళ్లేశారు, తొంభై ఎనిమిదిలో."

"తొంభై తొమ్మిదిలో."

"ఒరేయ్ కామేశం!" అని స్నానాల గదిలోంచి ఆయన తల్లి రాజ్యలక్ష్మమ్మ గొంతు వినిపించింది. "నా తలనిండా కుంకుడు రసం ఉందిరా! కళ్లు మండిపోతున్నాయిరా!"

"పది నిమిషాలమ్మా!"

కూతురు మృదుల పెరటి గుమ్మంలోంచి తొంగిచూసింది. "అమ్మా, వాషింగ్ మిషన్ నీళ్ల కోసం ఎదురుచూస్తోందే. ఇరవై నిమిషాల్నించీ అలాగే గుర్రుమంటోంది. దానికి తెలీదు పాపం, పైన కట్టేశారని."

"దానికీ చెప్పాలేవిటి?" అన్నాడు కామేశ్వరరావు.

హైమవతి పిండి చేతులతోనే గడియారం వైపు చూసింది. ఆఫీసుకి టైమవుతోంది.

ఆమె ఉద్యోగం విజయవాడలోనే, రాష్ట్ర జనన మరణ నమోదుల కేంద్రంలో. అక్కడ ఒక పెద్ద కంప్యూటరుంది. మెయిన్‌ఫ్రేమ్ అంటారు. రెండు ఇనప బీరువాలంత ఉంటుంది. రాష్ట్రంలో పుట్టినవాళ్లూ పోయినవాళ్లూ అందరూ దాని చుట్టూ వరసగా నిలబెట్టిన డిస్కు పెట్టెల్లో ఉంటారు. యంత్రానికీ పెట్టెలకీ మధ్య ఛానళ్లుంటాయి, అంటే రాకపోకల దారులు. ఒక్కో పెట్టెకి నాలుగేసి. ఏ దారి తెరిచి ఉందో, ఏ దారిలో ఎవరి పని నడుస్తోందో కనిపెట్టుకుని ఉండేది ఆపరేటింగ్ సిస్టమ్. ఫలానా దారి మూయమంటే అది ముందు అటూ ఇటూ చూసుకుంటుంది. ఎవరైనా వాడుతున్నారా, వాళ్లకి వేరే దారుందా అని. ఉంటేనే మూస్తుంది. ఆ పెట్టెకి అదే ఆఖరి దారైతే మాత్రం మూయనని మొహంమీదే చెప్పేస్తుంది. ఇరవై ఏడేళ్లుగా దానితో కాపరం చేస్తున్న హైమవతికి ఆ గుణం చాలా ఇష్టం. ఇంట్లో ఆ గుణమున్నవాళ్లు ఇంకెవరూ లేరు.

పక్కనే అద్దాల గదిలో ఇంకో తెర ఉంది, హార్డ్‌వేర్ కన్సోల్. అది యంత్రం ఇనుముతో నేరుగా మాట్లాడుతుంది. ఏ దారి మూయమంటే ఆ దారి మూసేస్తుంది. ఎందుకని అడగదు. మూశానని ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్పదు. ఆ గదికి కాపలా ఇంజినీరు రహంతుల్లా. 'రిపేరు సమయంలో తప్ప దీనిని ముట్టుకోరాదు' అని ఎర్ర సిరాతో రాసి గోడకి అంటించిందీ ఆయనే.

ఆ ఏడాది కొత్త డైరెక్టర్ ప్రభంజనరావుగారు ఒక కొండమీద మూడు రోజులు నాయకత్వ శిక్షణ తీసుకుని, మెడలో ఉన్న గుర్తింపు బిళ్ల తియ్యకుండానే ఆఫీసుకి వచ్చారు. వచ్చిన రోజే వనరుల హేతుబద్ధీకరణ పక్షోత్సవాలు ప్రకటించారు.

"ఒక్కో పెట్టెకి నాలుగు దారులా? ఒక గుమ్మానికి నలుగురు బంట్రోతులా?" అని మీటింగులో అడిగారు. "ప్రజలు మనల్ని ప్రశ్నించరా?"

దారుల సంగతి ప్రజలకి తెలియదని ఎవరూ అనలేదు. మొదటి పెట్టె మీద పక్షోత్సవాలు మొదలయ్యాయి. హైమవతి మామూలు పద్ధతిలో ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్పింది. అది చూసుకుని, సర్దుకుని, మూడు దారులు మూసింది. గోడమీద పెద్ద బోర్డు వెలిసింది: 'హేతుబద్ధీకరణ 75 శాతం.'

పక్షోత్సవాల ముగింపుకి సచివాలయం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన బోర్డు చూసి, "మిగతా ఇరవై అయిదూ ఏమైంది?" అన్నారు, ఏదో ఒకటి అనాలి కనక.

"ఇప్పుడే సార్," అన్నారు ప్రభంజనరావుగారు. "హైమవతిగారూ, నాలుగోది కూడా మూయండి."

"అది ఆఖరిది సార్. మూడు జిల్లాల పుట్టుకలు దానిమీదే ఉన్నాయి."

"మూయండమ్మా. పెద్దవారు నిలబడి ఉన్నారు."

హైమవతి ఆదేశం టైపు కొట్టింది. తెరమీద జవాబు వచ్చింది. ఈ పెట్టెకి ఇది ఆఖరి దారి, మూయడం కుదరదు.

"కుదరదని ఎవరన్నారు?"

"ఆపరేటింగ్ సిస్టమ్ అంది సార్."

పెద్దాయన చిన్నగా నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. డైరెక్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌ది ఏ క్యాడర్?"

"క్యాడరేం లేదు సార్."

"క్యాడరే లేనిది డైరెక్టర్ ఉత్తర్వుకి కుదరదని జవాబిస్తుందా? జేడీగారూ, నోట్ చేసుకోండి."

జాయింట్ డైరెక్టర్ పురుషోత్తంగారు నోట్ చేసుకున్నారు. ఎవరు ఏది చెప్పినా ఆయన నోట్ చేసుకుంటారు; ఒకసారి ఎవరో తుమ్మితే కూడా చేసుకున్నారు.

"సంప్రదించకుండా మూసే మార్గం లేదా?" అని డైరెక్టరుగారు అడిగారు. పురుషోత్తంగారి చూపు అద్దాల గది మీద పడింది.

రహంతుల్లా గోడమీది కాగితం చూపించాడు. డైరెక్టరుగారు దాన్ని జాగ్రత్తగా చదివి, జాగ్రత్తగా పీకి, మడిచి జేబులో పెట్టుకున్నారు. రహంతుల్లా కళ్లు మూసుకుని మీట నొక్కాడు. కన్సోల్ కిక్కురుమనకుండా నాలుగో దారి మూసేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. బోర్డుమీద వంద పడింది.

హైమవతి తన తెర చూసుకుంది. నాలుగో దారి తెరిచే ఉన్నట్టు ఇంకా చూపిస్తోంది. పాపం దానికెవరు చెప్పారు? భోజనానికి రానని చెప్పకుండా వెళ్లిపోయిన మనిషికి కంచం పెట్టుకుని కూర్చున్న ఇల్లాలిలా, పనులన్నీ ఆ దారిలోకే పంపి జవాబు కోసం కూర్చుంది.

"ఏమంటోంది?" అన్నారు డైరెక్టరుగారు.

"ఏమీ అనడం లేదు సార్. ఎదురుచూస్తోంది."

"అభ్యంతరం లేదన్నమాట. జేడీగారూ, నోట్ చేసుకోండి. వ్యవస్థ నుంచి ఎట్టి అభ్యంతరమూ వ్యక్తం కాలేదు."

మర్నాడు సర్క్యులర్ వచ్చింది: 'ఛానళ్ల మూసివేత విషయమై ఆపరేటింగ్ సిస్టమ్‌ను సంప్రదించుట వలన కాలహరణమే గాక, అధికారుల గౌరవమునకు భంగము వాటిల్లుచున్నట్లు గమనించడమైనది. ఇకమీదట సదరు మూసివేతలన్నియు ప్రత్యక్ష చర్య ద్వారానే జరుగవలెను. ప్రతి విభాగాధిపతికి కన్సోల్ తాళపు చెవి ఒకటి చొప్పున ఇవ్వబడును.'

ఆ మధ్యాహ్నం, చంకలో పిల్లాణ్ణి వేసుకుని, ఇంకో పిల్లాణ్ణి చేత్తో పట్టుకుని ఒకామె కౌంటరు దగ్గరికి వచ్చింది. పేరు వరాలు. పెద్దవాణ్ణి గురుకులంలో చేర్చాలి, పుట్టిన సర్టిఫికెట్ కావాలి. శనివారమే ఆఖరు. కౌంటరు తెరమీద చిన్న చక్రం తిరుగుతూ ఉంది. గంటన్నర తిరిగింది. ఆమె ఏడుపు మొహంతో నిలబడితే, పురుషోత్తంగారు స్వయంగా వచ్చి వివరించారు.

"మీ వాడు పుట్టాడమ్మా. పుట్టడంలో ఎలాంటి లోపమూ లేదు. ఆ పుట్టుకను చేరే దారి మాత్రం హేతుబద్ధీకరించబడింది."

"అంటే ఏటి బాబూ?"

"అంటే సంస్కరణమ్మా."

"మరి నా బిడ్డ ఇక్కడే ఉన్నాడు కదయ్యా," అని ఆమె పిల్లాణ్ణి ముందుకి తోసింది. "సూడండి, ఉన్నాడు."

పురుషోత్తంగారు పిల్లాణ్ణి నోట్ చేసుకుని వెళ్లిపోయారు.

హైమవతి ఫోను తీసి కర్నూలుకి చేసింది. అక్కడ కేంద్రానికి రెండో యంత్రం ఉంది. ఇక్కడిదానికి ఏదైనా అయితే అక్కణ్ణించి పని నడవాలని పెట్టిన యంత్రం. ప్రతిరోజూ ఇక్కడి పుట్టుకలకీ చావులకీ ఒక ప్రతి అక్కడికి వెళుతుంది. ఫోనెత్తింది మద్దిలేటి. వచ్చే నెల్లో రిటైరవుతున్నాడు.

"ఉందమ్మా, ఉంది. తీసి పంపిస్తాను. మా కాడ అన్ని దారులూ తెరిచే ఉండాయి."

"అక్కడ పక్షోత్సవాలు జరగలేదా?"

"యాడమ్మా! ఈడికి ఏ ఆఫీసరూ రాడు. రోడ్డు బాగలేదు."

రోడ్డు బాగాలేకపోవడంవల్ల దారులు తెరిచి ఉన్న ఊరు ఒకటుందని హైమవతి మనసులో రాసుకుంది. వరాలు సర్టిఫికెట్ తీసుకుని, ఒకటికి రెండుసార్లు పిల్లాడి మొహంతో పోల్చి చూసుకుని మరీ వెళ్లింది.

తాళపు చెవులు పంచాక ప్రత్యక్ష చర్య ఊపందుకుంది. మరణాల విభాగాధిపతికి జననాల విభాగాధిపతి మీద చిరకాలంగా ఉన్న అసూయ ఒక్క వారంలో తీరింది. ఈయన ఆయనవి రెండు మూస్తే, ఆయన ఈయనవి మూడు మూసేవాడు. ఎవరు ఏది మూశారో ఎక్కడా రాసి ఉండేది కాదు. రాసి పెట్టుకునేది ఆపరేటింగ్ సిస్టమే, దానికి ఎవరూ చెప్పడం లేదు కదా.

పద్ధతి బాగుందని పరిపాలనా విభాగం కూడా అందుకుంది. క్యాంటీన్‌కి చెప్పకుండా క్యాంటీన్ గ్యాసు ఆపారు. లోపల మనుషులున్నారేమో చూడకుండా లిఫ్టు ఆపారు. రికార్డు గది సుబ్బారాయుడికి బదిలీ అయిన సంగతి, ఆయన కుర్చీలో కూర్చున్న కొత్తాయన చెబితే తెలిసింది. కొత్తాయనకి కూడా ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసిందట. నెలాఖరు నివేదికలో పురుషోత్తంగారు ఇలా రాశారు: 'ముందుగా తెలియజేయుట మానివేసిన తరువాత, సిబ్బంది నుండి వచ్చు ముందస్తు అభ్యంతరములు నూటికి నూరు శాతము తగ్గినవి.' అది నిజమే. ఎవరూ ఏదీ ముందుగా అనలేదు.

ఇంట్లో ఈ కబుర్లు చెబితే కామేశ్వరరావు చాలా సంతోషించాడు. "చూశావా? నేనేదో తప్పు చేసినట్టు అరిచావు. ప్రభుత్వమే నా పద్ధతికొచ్చింది."

కేంద్రం వ్యవస్థాపక దినం నాడు బెలూన్లు కడుతుండగా పరిపాలనా విభాగాధిపతికి తను ఇంతవరకూ ఒక్క దారీ మూయలేదని గుర్తొచ్చింది. అద్దాల గదిలోకి వెళ్లి, ఇంకా ఎవరూ ముట్టుకోని పెట్టె ఒకటి ఎంచుకుని, దాని నాలుగు దారులూ ఒక్క ఊపులో మూసేశారు. ఎవరూ ఎందుకు ముట్టుకోలేదంటే, అందులో ఉన్నది ఆపరేటింగ్ సిస్టమే. అది తన ఇంట్లోకి తనే వెళ్లలేక గుమ్మంలో నిలబడిపోయింది. రాష్ట్రంలో ఆ క్షణం నుంచీ ఎవరూ పుట్టలేదు. ఎవరూ పోలేదు.

"ఏ దారులు మూశారో చెబితే తెరుస్తాను," అని రహంతుల్లా ఒక్కొక్క విభాగాధిపతినీ బతిమాలాడు. ఎవరూ తాము మూశామని ఒప్పుకోలేదు. పని కర్నూలు యంత్రానికి మార్చే ఉత్తర్వు మీద సంతకం పెట్టడానికీ ఎవరూ ముందుకు రాలేదు. ఒక్కొక్కటే వెతికి తెరిచి యంత్రాన్ని నిలబెట్టేసరికి రెండు రోజులు పట్టింది.

మూడో రోజున విచారణ సంఘం కూర్చుంది. ఇన్ని దారులు మూసుకుపోతుంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఎందుకు గమనించలేదు, ఎందుకు నివేదించలేదు అన్నదే విచారణాంశం. దానికి మెమో రాశారు. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. మెమో తీసుకోవడానికి అది చెయ్యి చాపలేదు కనక, నిబంధనల ప్రకారం ఇద్దరు సాక్షుల ఎదట యంత్రం తలుపుకి అంటించారు. ఏడు రోజులూ గడిచాయి. జవాబు లేదు.

"మౌనం వహించింది," అన్నారు ప్రభంజనరావుగారు బాధగా. "దాని సంరక్షకురాలు మీరే కాబట్టి, హైమవతిగారూ, దాని తరఫున మీరు సంతకం పెట్టాలి."

కాగితం మీద టైపు చేసి ఉంది: 'ఛానళ్ల మూసివేతలన్నియు ముందుగా నా దృష్టికి వచ్చినవి. నేను సమ్మతించితిని. తదుపరి పర్యవసానములకు నాదే బాధ్యత.'

"నాకెవరూ చెప్పలేదు సార్."

"చెప్పనవసరం లేదని సర్క్యులరే ఉంది కదమ్మా."

"మరి నా దృష్టికి వచ్చాయని రాశారు."

"రాకపోతే నిర్లక్ష్యం కిందకి వస్తుంది. అది ఇంకా పెద్ద అభియోగం. మీ మంచికే చెబుతున్నాను. పెడితే మందలింపుతో పోతుంది. లేకపోతే, ఇరవై ఏడేళ్ల సర్వీసు... ఆలోచించుకోండి."

ఆమె ఇంటికొచ్చి ఆలోచించుకుంటుంటే, రాజ్యలక్ష్మమ్మ, "పెట్టెయ్యవే తల్లీ, సంతకమే కదా," అంది. కామేశ్వరరావు, "నాలుగక్షరాల పేరుకి ఇంత ఆలోచనెందుకు?" అన్నాడు. మృదుల మాత్రం తల్లి పక్కన కూర్చుని బీరకాయలు చెక్కింది.

మర్నాడు డైరెక్టరుగారు హైమవతిని చూడగానే కుర్చీలోంచి సగం లేచారు. అంత గౌరవం ఆమె ఆ గదిలో ఎన్నడూ ఎరగదు.

"చాలా సంతోషం హైమవతిగారూ. మీ సమ్మతి అందింది."

"నేనింకా ఏమీ చెప్పలేదే సార్."

"మీవారు చెప్పారు కదా! కాలవగట్టు మీద పొద్దున్నే వాకింగ్‌లో మన జేడీగారికి కనిపించి, మా ఆవిడ పెట్టేస్తుంది లెండి, నాదీ హామీ అన్నారట. జేడీగారు నోట్ చేసుకున్నారు."

హైమవతి సంతకం పెట్టని ఆ కాగితాన్ని ఆయన బల్లమీద పెట్టేసింది. తర్వాత తన సీటుకి వచ్చి తెర ముందు కూర్చుంది. దారులన్నీ తెరిచి ఉన్నాయని చూపిస్తోంది. నిజంగా తెరిచి ఉన్నాయో, ఎవరైనా బయటనుంచి కట్టేశారో దానికి తెలియదు. ఆమెకీ తెలియలేదు.

ఆ సాయంత్రం ఆమె ఒక దరఖాస్తు రాసింది. కర్నూలులో మద్దిలేటి స్థానం ఖాళీ అవుతోంది. అక్కడికి ఎవరూ వెళ్లరు. అడిగి మరీ వెళ్లేవాళ్లుంటారని ఎవరూ ఊహించలేదు. సంతకం పెట్టని మనిషి ఎదట ఉండకపోతే విచారణ దానంతటదే చల్లారుతుందని సంఘానికి తోచింది. 'బాధ్యురాలిని సుదూర ప్రాంతమునకు పంపడమైనది' అని రాసుకోవచ్చు. బదిలీ ఉత్తర్వు రెండు రోజుల్లో వచ్చింది. ఆ కేంద్రంలో, బదిలీ అయిన మనిషికి ఆ సంగతి ముందుగా తెలిసి ఉండటం ఆ మధ్యకాలంలో అదే మొదటిసారి.

ఇంట్లో మాత్రం ఆమె వెంటనే ఏమీ చెప్పలేదు. పదిహేను రోజులు చాలా పనులు చేసింది. రాజ్యలక్ష్మమ్మ మాత్రలు పొద్దుటివీ రాత్రివీ వేరువేరు డబ్బాల్లో పోసి, మందుల షాపు కుర్రాడి నంబరు ఆవిడ ఫోన్లో మొదటి మీటకి పెట్టి, నొక్కించి చూసింది. గ్యాసు బుక్ చెయ్యడం మృదులకి నేర్పింది. పాలవాడికీ పనిమనిషికీ మృదుల నంబరిచ్చింది. మొగుడి చేత మూడు రోజులు వరసగా అన్నం వండించింది. మొదటిరోజు అడుగంటింది, రెండోరోజు పలుకు, మూడోరోజు తిన్నారు. "ఇదేవిటే కొత్తగా?" అని ఆయన అడిగితే, "ఊరికే," అంది.

ఆదివారం పొద్దున్న నలుగురూ వంటింట్లో చిన్న బల్ల చుట్టూ కూర్చున్నారు. పెసరట్లు పోసి, ఆఖరిది తన కంచంలో వేసుకుని, పిండి చేతులతోనే హైమవతి అంది, గొంతు పెంచకుండా:

"రేపు పొద్దున్న ఆరింటి బస్సుకి కర్నూలు వెళ్తున్నాను. అక్కడ ఉద్యోగం. రిటైరయ్యేదాకా."

ఎవరూ నమలలేదు.

"నన్నడక్కుండానే?" అన్నాడు కామేశ్వరరావు.

"అడగలేదు. చెబుతున్నాను. ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు, పెట్టను. మీరిచ్చిన హామీ రేపు కాలవగట్టు మీద మీరే వెనక్కి తీసుకోండి, అది నాది కాదు."

"మరి నా మాత్రలో?" అంది రాజ్యలక్ష్మమ్మ.

"మీకు రెండో దారి పెట్టానత్తయ్యా. మొదటి మీట నొక్కడమే, మొన్న నొక్కించి చూశాంగా. మృదులకి గ్యాసు తెలుసు, పాలు తెలుసు. మీ అబ్బాయికి అన్నం వచ్చు." మొగుడి వైపు చూసింది. "ఈ ఇంట్లో దేనికీ నేను ఆఖరి దారిని కాకుండా చూసుకోవడానికి పదిహేను రోజులు పట్టింది. అందుకే ఇవాళ చెబుతున్నాను."

మృదుల తలొంచుకుని పెసరట్టు తుంచుతోంది. నవ్వుతోందో ఏడుస్తోందో కనపడలేదు. కామేశ్వరరావు మేడ మెట్ల వైపు చూశాడు.

హైమవతి లేచి కుళాయి తిప్పింది. నీళ్లొచ్చాయి. చేతులు కడుక్కుంది.